సున్నా చుట్టని మూడో టేకు

3 మార్చి 1947, సోమవారం

కొత్త డైరీ. మొదటి పేజీలో పేరు రాయమని అచ్చువేశారు కాబట్టి రాశాను: నెడ్రా పికెట్, పందొమ్మిదేళ్ళు, లారెల్ పిక్చర్స్‌లో స్క్రిప్ట్ గర్ల్‌కి శిష్యురాలు. శిష్యురాలు అన్నది నా మాట. గేటు దగ్గర కాగితంలో ‘చేతిసాయం’ అని ఉంది. కాపలావాడు ఏ ఊరని అడిగాడు. ఓక్లహోమా అనగానే, ఓహో, ఓకీ పిల్లవా, పత్తిచేలు అటువైపమ్మా అన్నాడు. ఓక్లహోమా నుంచి పత్తి ఏరడానికి వచ్చిన కూలీలకి ఇక్కడ పెట్టిన ఎగతాళి పేరు అది. నవ్వాను. ఎందుకు నవ్వానో తెలియదు. ఇప్పటిదాకా ఒళ్ళు మండుతూనే ఉంది.

మిస్ ఓడెల్ ఇరవై రెండేళ్ళుగా ఇదే పనిలో ఉంది. మెడలో స్టాప్‌వాచ్, చెవి మీద పెన్సిలు, ఒళ్ళో స్క్రిప్టు. పాఠమంతా అరగంటలో చెప్పేసింది. నటులు ఏ చేత్తో గ్లాసు ఎత్తారు, ఏ మాట దగ్గర లేచారు, సిగరెట్టు ఎంతవరకు కాలింది, ఇవి రాయాలి. రేపు అదే సీను ఇంకో వైపు నుంచి తీస్తే వెంట్రుకంత తేడా రాకూడదు. చూసింది రాయవే అమ్మాయ్, అనుకున్నది రాయకు అంది. విశేషణం కనిపిస్తే వేళ్ళు విరగ్గొడతానంది. నేను సాయంత్రాలు సిటీ కాలేజీకి వెళ్ళేదే విశేషణాల కోసమని ఆవిడకి చెప్పలేదు.

ఒక్కో షాటూ నాలుగైదుసార్లు తీస్తారు. ఒక్కోసారీ ఒక్కో టేకు. చివర్లో మా షీటు మీద ఒక నంబరుకి సున్నా చుడతాం. ల్యాబులో ఆ ఒక్కటే ప్రింటవుతుంది. మిగతావి డబ్బాల్లో పడుంటాయి, వాటి మొహం ఎవరూ చూడరు. షాటుకి ఒకే ప్రింటు అని నిర్మాత క్రెయిన్ ఆర్డరు.

ఏ టేకు ప్రింటు చేయాలో డైరెక్టరు పైకి చెప్పాలి కదా. మా కెస్లర్ చెప్పడు. చెబితే హీరో విట్లాక్ ఊరుకోడట. ఎదుటివాళ్ళు బాగా చేసిన టేకు ప్రింటవుతోందని తెలిస్తే చాలు, నాకింకొకటి కావాలని మొరాయిస్తాడట. అందుకని ముసలాయన తనకి నచ్చిన టేకు అయిపోగానే మా కుర్చీ చేతి మీద పెన్సిలుతో రెండుసార్లు తడతాడు. టక్, టక్. ఆ సంగతి ఆయనకీ మిస్ ఓడెల్‌కీ తప్ప సెట్లో ఎవరికీ తెలియదు. ఇప్పుడు నాకు తెలుసు.

ఒక్కరోజులో చాలా పెద్దదాన్నయిపోయినట్టుంది.

5 మార్చి, బుధవారం

వెర్నా టాలివర్ వచ్చింది. ముప్ఫై ఎనిమిదేళ్ళు. రెండేళ్ళుగా సినిమాలు లేవు. ఈ వేషం కూడా కెస్లర్ పట్టుబట్టి ఇప్పించాడు, క్రెయిన్‌కి ఇష్టం లేదు. ఇది పోతే ఆవిడకి ఈ ఊళ్ళో ఇంక పని పుట్టదని మిస్ ఓడెల్ అంది. అంటే ఎంత కష్టపడాలి! ప్రాణం పెట్టాలి!

ఇవాళ్టి సీనులో ఆవిడ తలుపు తీస్తుంది, ఎదురుగా మొగుడు, భయపడాలి. తీసింది. నిలబడింది. పక్కకి తప్పుకుంది. అంతే! నేను పెన్సిలు పట్టుకుని ఎదురుచూస్తూనే ఉన్నాను, కట్ అనేశారు. మా నాటకాల క్లాసులో పర్సెల్ మాస్టారు, ముఖం ఉత్తరంలాంటిది, చివరి బెంచీవాడు కూడా చదవగలగాలి అంటారు. ఈవిడ ముఖం అతికించేసిన కవరు. నేనైతే పన్నెండు సెకన్లలో ఏడవగలను. స్టాప్‌వాచ్ పెట్టి చూసుకున్నాను.

మధ్యాహ్నం డిక్షనరీలో చదివాను: జంకు, బెదురు, సంకోచం. మూడూ ఒకటి కావు. మూడింట్లో ఒక్కటైనా చేసి చూపించాలా వద్దా?

ఏడవని ఆడవాళ్ళంటే నాకు పడదు. చిన్నప్పటినుంచీ అంతే.

10 మార్చి, సోమవారం

విశేషణం ఒకటి దొరికిపోయింది. ‘నీరసమైన’. మిస్ ఓడెల్ రబ్బరు నా చేతిలో పెట్టి, ఈసారికి వేళ్ళు వదిలేస్తున్నానంది.

13 మార్చి, గురువారం

మిస్ ఓడెల్‌కి పన్నునొప్పి. బుగ్గ నారింజకాయంత అయింది. డాక్టరు దగ్గరికి వెళ్తూ స్టాప్‌వాచ్ తీసి నా మెడలో వేసింది. ఒక్క పూట, ఒక్క సీను, దేన్నీ బాగుచేయబోకు అంది.

సీను అరవై ఒకటి. రాత్రి భోజనం, పొద్దున్న పదింటికి తీశారు. కిటికీ చెక్కల నీడలు గోడమీదా మనుషుల మీదా చారలు చారలుగా పడేలా లైట్లు పెట్టడానికే గంటన్నర పట్టింది. కథ ఇదీ: భార్యకి ఒక ప్రియుడున్నాడు, భర్త వాణ్ణి చంపేశాడు. ఆ సంగతి ఆమెకి తెలియదు. భర్త మాంసం కోసుకుంటూ, రేవు దగ్గర ఎవడో తేలాడట, చొక్కాకి ముత్యపు బొత్తాలట అంటాడు. ముత్యపు బొత్తాల చొక్కా ఎవరిదో ఆమెకి తెలుసు. తెలిసినట్టు పైకి కనిపిస్తే తన ప్రాణం పోతుంది. ఇదంతా స్క్రిప్టులో రాసే ఉంది. నేనే టైపు చేశాను.

మొదటి టేకులో రేవు అన్న మాట దగ్గర వెర్నా చేతిలో వెన్నకత్తి ఆగింది. రెండోదాంట్లోనూ ఆగింది, కాస్త తక్కువ. మూడోదాంట్లో ఆగనే లేదు. రొట్టెకి వెన్న రాస్తూనే ఉంది. కాఫీ ఇంకాస్త పొయ్యనా అని అడిగింది. భర్త వేషంలో ఉన్న విట్లాక్ వద్దని లేచి వెళ్ళిపోయాడు. ఆవిడ అలాగే కూర్చుంది. కట్.

టక్, టక్.

నా కుర్చీ చేతి మీదే. స్పష్టంగా విన్నాను.

అప్పటికే క్రెయిన్ వచ్చి లైట్ల వెనక నిలబడ్డాడు. ఏంటయ్యా కెస్లర్, ప్రియుడు చచ్చాడంటే రొట్టెకి వెన్న రాసుకుంటుందా, మా ఆవిడ కుక్క తప్పిపోతేనే మూడురోజులు ఏడ్చింది, కాస్త కన్నీళ్ళు ఇప్పించవయ్యా అన్నాడు. అందరూ నవ్వారు. కెస్లర్ సరే అన్నాడు. చాలా తేలిగ్గా అన్నాడు. నాలుగు తీశారు. ఐదు తీశారు. ఐదోదాంట్లో వెర్నా చేతిలోంచి ప్లేటు జారి పగిలింది, ముఖం చేతుల్లో పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. లైట్లవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఇన్నాళ్ళకి ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేసింది అనుకున్నాను.

కెస్లర్ తట్టలేదు. పెన్సిలు జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

కెమెరా అసిస్టెంటు వచ్చి ఏ నంబరని అడిగాడు. ఇక్కడ దాచడానికి ఎవరూ లేరు కాబట్టి రాస్తున్నాను. ఐదు, అన్నాను. ఐదుకి సున్నా చుట్టాను. మూడుకి ఎదురుగా రిమార్కు గడిలో రాశాను: ఏమీ చేయలేదు.

విశేషణం లేదు. మిస్ ఓడెల్ మెచ్చుకోవాలి.

13 మార్చి, సాయంత్రం ఆరు

ముసలాయన చెయ్యి వణికి తగిలి ఉండొచ్చు. అరవై దాటాయి. సినిమాకి మంచే చేశాను. ఆవిడకి కూడా.

17 మార్చి, సోమవారం

శుక్ర, శనివారాలు కెస్లర్ లాంగ్ బీచ్ రేవులో షూటింగులో ఉన్నాడు. అరవై ఒకటో సీను రషెస్, అంటే ల్యాబు నుంచి వచ్చిన ప్రింటు, క్రెయిన్ ఒక్కడే చూశాడు. కెస్లర్ ఇవాళ చూశాడు. ప్లేటు పగలగానే లేచి నిలబడి, ఇదెక్కడిది, మూడోది ఏదీ, పక్క గదిలో ఉన్న మొగుడికి ఈ ప్లేటు చప్పుడు వినపడదా అని అరిచాడు.

సున్నా ఐదుకి ఉంది బాసూ, నీ పిల్లే చుట్టింది, అన్నాడు క్రెయిన్. షీటు తీసి నా రిమార్కు పైకి చదివాడు. ఏ-మీ-చే-య-లే-దు. ఒక్కో అక్షరం చప్పరిస్తూ చదివాడు. చూశావా, పత్తిచేలోంచి వచ్చిన పిల్లకి కూడా తెలిసింది అన్నాడు. ఇకమీదట ఆవిడ ప్రతి సీనూ ఐదో టేకులాగే చేయాలట. చేయకపోతే పాత్రని ముందే చంపేస్తాడట, కారు కిందో రైలు కిందో, తనకి ఏదైనా ఒకటేనట.

కెస్లర్ నన్ను వరండాలోకి పిలిచాడు. గొంతు తగ్గించి, మూడోదానికి తట్టాను కదమ్మా అని అడిగాడు.

తట్టలేదండీ, అన్నాను.

ఆయన తన చేతిని చూసుకున్నాడు. తట్టాననుకున్నాను, అన్నాడు. రెండుసార్లు అన్నాడు. తలుపు దగ్గర నిలబడ్డ క్రెయిన్, వయసు మీద పడితే అంతే బాసూ, ఈ సినిమా అయ్యాక పామ్ స్ప్రింగ్స్ వెళ్ళి ఎండలో కూర్చో అన్నాడు.

క్రెయిన్ మీద కోపంగా ఉంది. కెస్లర్ మీద ఇంకా కోపంగా ఉంది. నన్ను ఎందుకు అడగాలి? తన చెయ్యి తనకి తెలియదా?

18 మార్చి, మంగళవారం

కెస్లర్ ఇవాళ పెన్సిలు తేలేదు. ఏ టేకు కావాలో అందరికీ వినపడేలా పైకి చెప్పాడు. విట్లాక్ ఒకే డైలాగు పదకొండుసార్లు చేశాడు.

20 మార్చి, గురువారం

మధ్యాహ్నం భోజనాల వేళ సెట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. హామ్ శాండ్‌విచ్ కాగితం విప్పుతుంటే వెర్నా వచ్చి పక్క కుర్చీలో కూర్చుంది. నెడ్రా, అరవై ఒకటిలో నేనేం చేశానో కాస్త చదివి పెడతావా, ఐదోది కాదు, మూడోది అంది. ఈ సెట్లో నన్ను పేరు పెట్టి పిలిచేది ఆవిడొక్కతే. మిగతావాళ్ళకి నేను పిల్లని, అమ్మాయ్‌ని, ఓకీని.

షార్ట్‌హ్యాండ్ నోట్సు తీసి చదివాను. ఉన్నదున్నట్టు ఇక్కడ ఎక్కిస్తున్నాను.

కత్తి కుడిచేత్తో. ‘రేవు’ దగ్గర ఆగలేదు. వెన్న అంచులదాకా, నాలుగు మూలలకీ. ‘రేవు’కి ముందే రొట్టె ముక్క నోట్లో, ఎడమ బుగ్గ. ‘బొత్తాలు’ తర్వాత నమలలేదు. ‘కాఫీ’ డైలాగు ముక్క నోట్లో ఉండగానే. చూపు అతని చొక్కా రెండో బొత్తాం మీద. అతను లేచాక కూడా అక్కడే, ఖాళీ చోట. తలుపు చప్పుడు. మింగలేదు. కట్ దాకా మింగలేదు. నలభై ఒక్క సెకన్లు.

మొదలుపెట్టినప్పుడు గబగబా చదివాను. సగానికొచ్చేసరికి ఒక్కో మాటా ఆగి ఆగి చదివాను. ఇవన్నీ నేను రాసినవే. నా చేతి రాతే. నా చెయ్యి అన్నీ చూసింది, నాకు మాత్రం ఏమీ కనపడలేదు.

అన్నీ చూశావే, అంది వెర్నా. మిస్ ఓడెల్ అయినా ఆ బొత్తాం పట్టేది కాదు అంది. మరి ఏమీ చేయలేదని ఎందుకు రాశావమ్మా అని అడిగింది.

తిట్టినట్టు అడిగితే బాగుండేది. చెంప మీద కొట్టినా బాగుండేది. దారి అడిగినట్టు అడిగింది. నిజంగా తెలుసుకుందామనే అడుగుతున్నాను, మూడు గజాల దూరంలో కూర్చున్న నీకు కనపడలేదంటే నేను మరీ లోపలికి పెట్టేసుకున్నానేమో, పొరపాటు నాదేనేమో అంది.

శాండ్‌విచ్ మళ్ళీ కాగితంలో చుట్టేశాను. ఆవిడ మీద ఎంత కోపం వచ్చిందో! ఎదుటివాళ్ళ తప్పు తన నెత్తిన వేసుకునేవాళ్ళని చూస్తే గోడకేసి తల కొట్టుకోవాలనిపిస్తుంది, వాళ్ళదో నాదో.

రెండింటికి ఆవిడ సీను. క్రెయిన్ అడిగినట్టే ఏడ్చింది. ఏ చుక్క ఎక్కడ జారాలో అక్కడే జారింది. కట్ అనగానే బల్ల తుడిచినట్టు ముఖం తుడిచేసుకుంది.

21 మార్చి, శుక్రవారం

ఇవాళ రాయకూడదనుకున్నాను. రాస్తున్నాను.

ముప్ఫై ఆరులో మేం ఆర్విన్ దగ్గర పత్తి కూలీల క్యాంపులో ఉండేవాళ్ళం. నాకు ఎనిమిదేళ్ళు. ఆ రోజు పొద్దుటినుంచీ ఎవరం ఏమీ తినలేదు. సాయంత్రం అమ్మకి ఎక్కడో చిక్కుడుగింజలు దొరికాయి, ఉడకబెట్టింది. నలుగురు పిల్లలం రేకు పళ్ళేలు పట్టుకుని వరసలో కూర్చున్నాం. మేస్త్రీ వచ్చి డేరా గుమ్మం దగ్గర నిలబడి, కాలవ గట్టు మీద ట్రక్కు బోల్తా పడిందమ్మా, మీ ఆయన దాని కిందే ఉన్నాడు, లాభం లేదు అన్నాడు. నేను చివర్లో కూర్చున్నాను, నాకు వినపడింది. చిన్నవాళ్ళకి వినపడలేదు. అమ్మ చేతిలో గరిటె ఆగలేదు. మేస్త్రీకి తల ఊపింది. చెల్లెలికి ఇంకో గరిటె వేసింది. నిదానంగా తిను, గొంతుకి అడ్డం పడుతుంది అంది. అందరం తినేదాకా నిలబడే ఉంది. పళ్ళేలు కడిగింది. బోర్లించింది. అప్పుడు చెప్పింది.

ముందే చెబితే వాళ్ళు ఆ గింజలు తినేవాళ్ళు కాదు. ఇది నాకిప్పుడు, పందొమ్మిదేళ్ళకి, ఎవరో రొట్టె ముక్క మింగలేదని చదివాక తెలిసింది. పదకొండేళ్ళు అమ్మతో సరిగ్గా మాట్లాడలేదు. నాన్న చచ్చిపోతే ఏడవని ఆడది అని ఒకసారి మొహం మీదే అన్నాను. అప్పుడు కూడా ఏమీ అనలేదు. ఆ సాయంత్రం అమ్మ చూపు ఎక్కడుంది? ఎడమచేత్తో ఏం పట్టుకుంది? ఒక్కటీ చూడలేదు. కన్నీళ్ళున్నాయా లేవా, అదొక్కటే చూసి రిమార్కు రాసేశాను.

ఉత్తరం మొదలుపెట్టాను. అమ్మా, అని రాశాను. చించేశాను. నా మీద నాకు ఇంత కోపం ఎప్పుడూ రాలేదు. దీనికి డిక్షనరీలో మాట వెతకను. వెతకడం కూడా సిగ్గులేనితనమే.

24 మార్చి, సోమవారం

ముందు మిస్ ఓడెల్‌కి చెప్పాను. పన్ను పీకిన చోట ఇంకా నొప్పిగానే ఉంది, అందుకని నీకివాళ తిట్లు తక్కువ అంది. తక్కువేం కాదు. సున్నా తప్పు చుట్టడం తప్పేనట, కానీ తనూ ఒకసారి చుట్టిందట. నువ్వు చేసింది అది కాదే అంది. ముసలాయన చేతిని ముసలాయనే నమ్మకుండా చేశావు, ముప్ఫై ఏళ్ళుగా సినిమాలు తీసిన చెయ్యే అది అంది. సొరుగులోంచి దిద్దుబాటు షీటు తీసి నా ముందు పెట్టింది. దీంతో ల్యాబు మూడోది ప్రింటు చేస్తుంది, క్రెయిన్ నిన్ను గేటు బయట పెడతాడు, తెలిసే చెయ్యి, సంతకం నీది, నాది కాదు అంది.

రిమార్కు గడి బొటనవేలంత ఉంటుంది. ఎనిమిది వాక్యాలు రాసి కొట్టేశాను. వేదన, నిగ్రహం, దిగమింగిన దుఃఖం, అన్నీ నా పుస్తకంలో గీత గీసి దాచుకున్న మాటలే, అన్నీ అబద్ధంగా కనిపించాయి. చివరికి ఇది రాశాను: 41 సెకన్లు మింగలేదు. మిస్ ఓడెల్ చదివింది. రబ్బరు తీయలేదు.

తర్వాత కెస్లర్ గదికి వెళ్ళాను. మీరు తట్టారు, నేను విన్నాను, అబద్ధం చెప్పాను అన్నాను. రెండుసార్లేనా, అని అడిగాడు. రెండుసార్లేనండీ. తల ఊపాడు. మా ఆవిడ నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళిందమ్మా, ఇవాళ ఏం వారం, ఇప్పుడు ప్రెసిడెంటు ఎవరు అని అడిగాడు ఆ కుర్రడాక్టరు, అన్నాడు. నవ్వాలని చూశాడు. థాంక్యూ అన్నాడు.

థాంక్యూ! నాకు!

26 మార్చి, బుధవారం

మధ్యాహ్నం పన్నెండింటికి మూడో టేకు వేశారు. క్రెయిన్, కెస్లర్, విట్లాక్, మిస్ ఓడెల్, నేను. వెర్నాని పిలవలేదు.

తెర మీద ఆవిడ ముఖం మా ఇంటి తలుపంత ఉంది. నీడల చారలు నుదుటి మీంచి గడ్డం దాకా. విట్లాక్ రేవు అన్నాడు. ఏమీ కదల్లేదు. కానీ ఏదో ఆగిపోయింది. ఇంట్లో గోడగడియారం ఆగితే వెంటనే తెలియదు, ఏదో లేదని కాసేపటికి తెలుస్తుంది, అలా. చెయ్యి వెన్న రాసుకుంటూ పోతోంది, అది ఇంక ఆవిడ చెయ్యి కాదు. కళ్ళలోకి చూస్తే దొరికిపోతుంది, తల దించినా దొరికిపోతుంది, అందుకని బొత్తాన్ని చూస్తోంది. కాఫీ ఇంకాస్త పొయ్యనా. మంచి ఇల్లాలి గొంతు, దాని వెనక నోట్లో ముక్క. అతను వెళ్ళాక గాల్లో ఆ బొత్తాం ఉన్న చోటునే చూస్తోంది, ఏ మూల నుంచైనా ఇంకా చూస్తున్నాడేమోనని. సెట్లో ఈ ముఖానికి మూడు గజాల దూరంలో కూర్చుని, ప్లేటు ఎప్పుడు పగులుతుందా అని చూశాను.

లైట్లు వెలిగాయి. ఆవిడ నోట్లో ఏముంది, ఈ స్టూడియోలో తిండి పెట్టరా అని విట్లాక్ నవ్వాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వు ఆపి, అయితే ఇందులో నా మొహం ఎక్కడా, అని అడిగాడు.

క్రెయిన్ అందరినీ బయటికి పంపాడు, నన్ను ఉండమన్నాడు. ఆయనకి అర్థం కాలేదేమో, వివరించి చెబుదామని నోరు తెరిచాను.

కూర్చో పిల్లా, నేను గుడ్డివాణ్ణనుకున్నావా, అన్నాడు. ఇరవై ఏళ్ళుగా మొహాలు చూసి బతుకుతున్నా, ఆ రోజు సెట్లోనే చూశా, మూడోదాంట్లోనే చూశా అన్నాడు. ఆవిడ ఆ బల్ల దగ్గర అలా కూర్చుంటే ఇంక విట్లాక్‌ని చూసేవాడెవడు, హాళ్ళవాళ్ళు నా సినిమా తీసుకుంది వాడి మొహం చూసి, వాడి పక్కన ఆలోచించే ఆడది కూర్చుంటే వాడు బల్లలో చెక్కలా ఉంటాడు అన్నాడు. అందుకే ఏడిపించా, ఏడిస్తే జనం అయ్యో పాపం అనుకుని మళ్ళీ వాడి వైపు తిరుగుతారు అన్నాడు.

చూశాడు. నాకంటే ముందు, నాకంటే బాగా చూశాడు. చూసే పాతిపెట్టాడు. నేను గుడ్డిదాన్నై ఆయన చేతికి పార అందించాను.

రెండు షీట్లూ బల్ల మీద పరిచాడు. కొత్తది చింపెయ్, పాతది చాలు నాకు, కెస్లర్ గొడవ చేసినా న్యూయార్క్ ఆఫీసు అడిగినా అదే చూపిస్తా అన్నాడు. ఏమీ చేయలేదు, భలే రాశావు, నేనే రాసి ఉంటే ఎవడూ నమ్మేవాడు కాదు అన్నాడు. ఓడెల్ పనైపోయింది, వచ్చే సినిమాకి నువ్వే స్క్రిప్ట్ గర్ల్‌వి అన్నాడు.

గొప్ప మాటేదో అనాలనిపించింది. ఇన్నాళ్ళు పోగుచేసుకున్న మాటల్లో ఒక్కటీ రాలేదు. పాత షీటు మీద నా రిమార్కుకి అడ్డంగా గీత కొట్టాను. పక్కన ‘ఇది తప్పు’ అని రాసి, నా పేరు పూర్తిగా రాశాను. కొత్తది ఆయన ముందుకి జరిపాను.

ఓకీ బుద్ధి, అన్నాడు. పొగరు తప్ప జేబులో ఏమీ ఉండదు, రేపటినుంచి రాకు అన్నాడు.

27 మార్చి, గురువారం

షార్ట్‌హ్యాండ్ నోట్సు అప్పజెప్పడానికి వెళ్ళాను. వెర్నా పెట్టె సర్దుకుంటోంది. ఆవిడ చివరి మూడు సీన్లు తీసేశారు. రైలు కింద పడ్డానట, అది కూడా తెర వెనక, చప్పుడొక్కటే ఉంటుందట అని నవ్వింది. వచ్చే వారం నుంచి రేడియో నాటకాలట. అక్కడ ముఖంతో పనిలేదు, క్రెయిన్ సంతోషిస్తాడు అంది.

ఆ కాగితం చింపేసి ఉండాల్సింది పిచ్చిపిల్లా, నాకోసం చేశావా అంది. కాదండీ అన్నాను. ఎవరికోసమో చెప్పలేదు. ముఖంలో ఏమీ కనపడనివ్వలేదనే అనుకున్నాను. ఆవిడ ఒక్క క్షణం నన్ను చూసి, ఇంకేమీ అడక్కుండా పెట్టె మూత వేసింది.

2 జూలై, బుధవారం

ఇన్సూరెన్సు ఆఫీసులో టైపిస్టుని. ‘నష్టం’ అన్న మాట రోజుకి రెండొందలసార్లు కొడుతున్నాను. కీలు విరిగేలా కొడుతున్నానని పక్క సీటావిడ ఫిర్యాదు చేసింది.

29 ఆగస్టు, శుక్రవారం

మిస్ ఓడెల్ ఫోను. సినిమా వచ్చే వారం విడుదల. అరవై ఒకటో సీను కోసం కెస్లర్ ఎడిటింగు గదిలో రెండురోజులు కుర్చీ వేసుకుని కూర్చున్నాడట. నలభై ఒక్క సెకన్లు అడిగితే క్రెయిన్ పద్నాలుగు ఇచ్చాడట. మిగతాదంతా విట్లాక్ ముఖమట. పద్నాలుగు తక్కువేం కాదే అమ్మాయ్ అంది. తక్కువే అని అరిచాను. ఆవిడ కూడా అరిచింది, నా మీద కాదు.

6 సెప్టెంబర్, శనివారం

మెయిన్ స్ట్రీట్‌లో మ్యాట్నీ. పద్నాలుగు సెకన్లే. లెక్కపెట్టాను. తర్వాత విట్లాక్, తర్వాత రైలు చప్పుడు.

మొదటి ఆటలో ఎవరూ ఏమీ అనలేదు. నేను సీట్లోంచి లేవలేదు. రెండో ఆటలోనూ ఎవరూ ఏమీ అనలేదు.

మూడో ఆటలో నా ముందు వరసలో, పనిబట్టలతో వచ్చిన ఒకాయన పక్కన కూర్చున్నామెతో, ఈవిడకి తెలిసిపోయిందే, అన్నాడు.

ఆమె అతని చెయ్యి పట్టుకుని, గట్టిగా అనకు, వాడు వింటాడు, అంది.